మొదటి చెంబు

ఆమె పోయిందని చెప్పగానే ప్రతివాడూ అడిగిన మాట ఒకటే. "ఏమైంది, కరెంటు కొట్టిందా?"

కొట్టలేదు. జ్వరమొచ్చి పోయింది. మా జిల్లాలో వాన కురవకపోతే ఒక ఏడుపు, కురిస్తే ఇంకో ఏడుపు. పోయిన ఏడు నాలుగు వానలు గట్టిగా పడ్డాయి, గుంతల్లో నీళ్లు నిలిచాయి, దోమలు ముసిరాయి, ఊరూరా మంచాలు పరుచుకున్నాయి. ఒట్టి జ్వరమే కదా అని ఆమె మాత్ర మింగి పనికి పోయింది. పెద్దాసుపత్రికి తెచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. కానీ జనానికి ఈ సమాధానం రుచించదు. కరెంటు పని చేసిన మనిషి కరెంటుతోనే పోవాలని వాళ్ల లెక్క. ఆమె గనక వినుంటే పాడె మీద నుంచి లేచి కూర్చుని మరీ తిట్టేది. "నా చేతి కింద ఒగ ఈగకన్నా షాకు తగిలిందేమప్పా? జరమొచ్చినోళ్ళంతా జరంతో పోతాంటే, నేను పోతే మీకొచ్చిన నష్టమేంది?" అని.

నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. నేనే కాదు, అందరూ అక్కనే. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన మా కాంట్రాక్టరు కూడా పని పడినప్పుడు అక్కా అనేవాడు, పని చెడినప్పుడు ఏమ్మా అనేవాడు. కాబట్టి ఇక్కడ కూడా ఆమెను అక్కగానే ఉండనిస్తాను.

మేమిద్దరం ఒకేసారి పని నేర్చుకోవడానికి చేరాం. మా నాయనకు గుంతకల్లులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే అంగడి ఉండేది. నేను డిగ్రీ సగంలో వదిలేసి స్టేషన్ రోడ్డులో టీ కొట్లు కొలుస్తూ తిరుగుతుంటే, "చదువుకు నువ్వు పనికి రావు, పనికన్నా వస్తావేమో చూద్దాం" అని అనంతపురం తోలాడు. అక్కడ ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు జీతమిచ్చి పని నేర్పుతున్నాడని ఎవరో చెప్పారు. పగలంతా వాళ్ల మనుషులతో ఇళ్లలోనూ కట్టడాల దగ్గరా పని. సాయంత్రం ఒక బడి వెనక రేకుల షెడ్డులో తరగతులు. కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన ఒక సారు పాఠం చెప్పేవాడు. గడువు అయ్యాక సర్కారు పరీక్ష. పాసైతే వైర్‌మన్ పర్మిట్ చేతికొస్తుంది, కాంట్రాక్టరు పూర్తి జీతంతో ఉంచుకుంటాడు. తప్పితే ఎవరి దారి వారిది. ఈ షరతు కాంట్రాక్టరు మొదటిరోజే నవ్వుతూ చెప్పాడు, కానీ అతని నవ్వు నమ్మదగ్గది కాదని నాకు అప్పుడే అనిపించింది.

చేరినవాళ్లలో మీసాలు సరిగ్గా రానివాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్య నలభై దాటిన ఈమె, గార్లదిన్నె దగ్గర పల్లెలో శనక్కాయలు పండించే మనిషి. చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా. కొప్పులో పువ్వు ఉండవలసిన చోట ఎర్రపిడి టెస్టరు. ఆ టెస్టరు కోసం ఆమె రోజూ సంచీ అంతా కుమ్మరించి వెతుక్కునేది. "కొప్పులో ఉంది కదక్కా" అంటే, "తెలుసులే, ఇంగా ఏమన్నా పోయిందేమోనని చూస్తాండా" అనేది. తప్పు ఒప్పుకోవడం ఆమె జాతకంలో లేదు. అప్పటికి లేదు.

మొదటిరోజే మా ఇద్దరినీ పాతూరులో ఒక ఇంటికి పంపారు. మేనెల ఎండ. ఇంటామె తలుపు తీయగానే అక్క అడిగిన మొదటి మాట, "అమ్మా, ఒక చెంబు నీళ్ళియ్యమ్మా." నాకు ప్రాణం లేచొచ్చింది. కుండలోని చల్లటి నీళ్లు, చెంబు అంచుదాకా వచ్చాయి. పెద్దది కదా, ముందు అక్క తాగి నాకిస్తుందని చెయ్యి చాచి నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని, చెంబు పట్టుకుని, ఇంటి వెనక్కి పోయింది. గోడవారగా ఒక పగిలిన బండను కాలితో పక్కకు జరిపింది. అక్కడున్న ఎర్త్ గుంతలో చెంబెడు నీళ్లూ పోసేసింది.

"ఏమక్కా, తాగే నీళ్ళు!" అన్నాను.

"దీనికి మనకంటే ముందు దప్పికబ్బీ. ఇదయినాక నువ్వు."

ఈలోగా ఇంటామె వచ్చి చూసింది. ఇంక ఆమె అరుపు నాలుగిళ్లకు వినపడింది. "ఏందమ్మా నువ్వు? వారానికొగ తూరి కొళాయి వదుల్తారు మాకు. తాగనీకని ఇస్తే మట్టిలో పోస్తావా?"

"తాగనీకే తల్లీ, మీ ఇంటి ఎర్త్ తాగుతాండాది. రేపు ఫ్రిజ్జు తలుపు నిన్ను కరిస్తే, నీళ్ళు తాగే నోరు యాడుంటాది నీకు?"

తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఫ్రిజ్జుకో మోటారుకో లోపల ఎక్కడైనా తీగ ఒలిచుకుపోతే కరెంటు దాని ఇనుప ఒంట్లోకి దిగుతుంది. ఆ కరెంటు మనిషి గుండా పోకుండా నేరుగా నేలలోకి పోవడానికి ఒక తీగ వేసి, గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొట్టానికి బిగిస్తారు. అదే ఎర్త్. అది పనిచెయ్యాలంటే చుట్టూ మట్టిలో తడి ఉండాలి. మిగతా జిల్లాల్లో ఆ తడి దానంతటదే ఉంటుందట. మా దగ్గర మట్టిలో తడి కావాలంటే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి.

ఆమె బతిమాలేది కూడా కాదు, వసూలు చేసేది. ఏ ఇంటికి పోయినా ముందు చెంబు, తర్వాత పని. అక్కతో తిరిగినన్నాళ్లూ మొదటి చెంబు నాకు ఏ ఇంట్లోనూ దక్కలేదు. రంజాన్ నెలలో నేను రోజా ఉంటే మరీ ధైర్యం వచ్చేది ఆమెకు. ఇంటివాళ్లు ఇద్దరికీ రెండు చెంబులు తెస్తే రెండూ ఎత్తుకుపోయేది. "ఈ నెల నీ వంతు గూడా దీనికే అబ్బీ. నీకు పుణ్యం, దానికి తడి." కానీ సాయంత్రం తరగతిలో పొద్దు గూకే వేళకు, సారు బోర్డు మీద ఎంత గొప్ప బొమ్మ గీస్తున్నా సరే, ముందు బెంచీలోంచి లేచి, "సార్, రవ్వంత ఆగు. అబ్బోడు నీళ్ళు తాగాల" అని ఆపేసేది. తన సంచీలోంచి సీసా తీసి నాకిచ్చేది. సారు సుద్దముక్క పట్టుకుని, నేను తాగడం అయిందాకా నిలబడేవాడు. వెనక బెంచీల పిల్లలు నవ్వేవారు. నాకు సిగ్గూ, దాంతోపాటే ఏదో ఒక సంతోషమూ ఉండేది.

ఆ సారుకు ఆమె అంటే భయమూ ఇష్టమూ రెండూ. ఒకసారి, "న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ తేడా ఏమి? చెప్పమ్మా" అని అడిగాడు. మేమంతా పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలు గొణుక్కుంటున్నాం. ఆమె కొంగు బిగించి లేచింది.

"మూడు ఫేజులు ముగ్గురు తోడికోడళ్ళు సార్. ఒగామె ఎరుపు, ఒగామె పసుపు, ఒగామె నీలం. న్యూట్రలు అత్త. ఏ కోడలు యాడ తిరిగినా, ఏ పని చేసినా, మల్ల అత్త దగ్గరికి రావాల్సిందే. ఎర్త్ అంటే పుట్టిల్లు సార్. అన్నీ బాగున్నన్ని దినాలు ఎవురికీ గుర్తే రాదు. ఇంట్లో తన్నులు పడిన దినం పరిగెత్తాల్సింది ఆడికే. ఆ దోవ మూసుకుపోయిందనుకో, మనిషి సచ్చినట్లే."

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "పరీక్షలో ఇట్ల రాయొద్దు తల్లీ, మార్కులియ్యరు" అన్నాడు. ఆమె రాయలేదు. పుస్తకంలో ఉన్నదే బట్టీపట్టి రాసింది. నేను మాత్రం పుస్తకంలోది మరిచిపోయాను, పుట్టిల్లు మాత్రం ఇప్పటికీ మరవలేదు.

ఆమెకు ఇంకో జబ్బు ఉండేది. పని మొదలుపెట్టే ముందు మెయిను ఆపేయడమే కాదు, ఫ్యూజులు ఊడపెరికి రొంటిన దోపుకునేది. మనం పైన తీగ పట్టుకుని ఉన్నప్పుడు ఎవరో పుణ్యాత్ముడొచ్చి, కరెంటు పోయిందే అనుకుని మెయిను వేస్తే? మా పనిలో చాలామంది అట్లానే పోయారు. "ఫ్యూజు రొంటిన ఉంటేనే పాణం ఒంట్లో ఉంటాది" అనేది. మాట బంగారమే. చిక్కల్లా, పని అయ్యాక వాటిని తిరిగి పెట్టడం ఆమెకు గుర్తుండకపోవడమే.

ఒకసారి ఒక ఇంట్లో ఆ సాయంత్రం ఒప్పుకోలు తాంబూలాలు. పొద్దున్నే పోయి మిద్దెకంతా లైట్లు బిగించాం. నేను ఇంకో పనికి పోయాను, అక్క చివర చూసుకుని ఊరి బస్సుకు బయల్దేరింది. ఇంకో గంటలో మగపెళ్లివారు వస్తారనగా ఇంటాయన నాకు ఫోను చేశాడు. ఇల్లంతా చీకటి, ఫ్యూజుల చోట మూడు బొక్కలు. నాకు విషయం అర్థమైపోయింది. మోపెడ్ వేసుకుని బస్టాండుకు పడ్డాను. గార్లదిన్నె బస్సు కదిలిపోతోంది. కిటికీ పక్కన అక్క శనగలు తింటూ కూర్చుంది.

"అక్కా! ఫ్యూజులు!"

ఆమె రొంటిన తడిమి చూసుకుంది. అంత జనంలో, కదిలే బస్సులోంచి, ఒక్కొక్కటీ తీసి నా మీదికి విసిరింది. రెండు పట్టుకున్నాను, మూడోది ఒక అరటిపళ్ల బండి మీద పడింది. "చీకట్లో ఉండారక్కా, మగపెళ్ళోళ్ళు వస్తాండారు!" అని నేను అరిస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె చెప్పిన జవాబు ఇది. "చీకట్లో ఉండారంటే బతికుండారనే కదబ్బీ!"

బస్సు వెళ్లిపోయింది. అరటిపళ్లవాడు నన్ను తిట్టాడు.

ఈ మనిషి నలభై దాటాక ఇంత దూరం వచ్చి, కుర్రాళ్ల మధ్య కూర్చుని ఎందుకీ తంటాలు పడుతోందో నాకు చాలా రోజులు తెలియదు. ఒక మధ్యాహ్నం, రాప్తాడు దారిలో సగం కట్టిన మిద్దె మెట్ల మీద సంగటి ముద్దలూ ఊరుబిండీ పెట్టుకుని తింటుంటే, తనే చెప్పింది.

వాళ్ల చేన్లో బోరు ఉంది. ఇనుప స్తంభానికి రేకు డబ్బా, అందులో స్టార్టరు. ఒకరోజు వాళ్ల గేదె పోయి ఆ స్తంభానికి ఒళ్లు రుద్దుకుంది. అంతే, నిలువునా పడిపోయింది. ఊరి మేస్త్రీని పిలిపిస్తే వచ్చి చూశాడు. "ఎర్త్ ఉండాది కదమ్మా, నేనే పెట్టినా. ఎనుము రాత బాగలేదు" అని చెప్పి పోయాడు. ఈమె ఊరుకునే రకమా? గడ్డపార తీసుకుని తీగ వెంబడి తవ్వుకుంటూ పోయింది. మూరెడు లోతు కూడా పోలేదు, తీగ కొస దొరికింది.

"రాయికి చుట్టి పెట్టినాడబ్బీ! రాయికి! తాళి తీసుకపోయి తుమ్మచెట్టుకు కట్టినట్ల!" అంది. అది చెబుతున్నప్పుడు సంగటి ముద్ద ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఆ పొద్దు ఎనుము ఆనుకునింది, ఎనుము పోయింది. దినామూ పొద్దున్నే ఆ స్టార్టరు నొక్కేది ఎవురనుకుండావు? నా కూతురు. ఉత్త కాళ్ళతో."

ఆ రాయిని అట్లాగే చేతబట్టుకుని మేస్త్రీ ఇంటికి పోయిందట. ఊర్లో మోటార్లన్నీ అతను పెట్టినవే. అన్నిటికీ ఇంకెన్ని రాళ్లు ఉన్నాయో తవ్వి చూస్తానంది. అతను నవ్వాడు. "ఏమన్నా తెలుసామ్మా నీకు కరెంటంటే? పర్మిట్ ఉండాదా? పో, పర్మిట్ తెచ్చుకో, ఊర్లో మోటర్లన్నీ నీకే ఇడుస్తా" అన్నాడు. చుట్టూ ఉన్న రైతులు కూడా నవ్వారు. పర్మిట్ లేని ఆడమనిషి చేతికి మోటారు ఎవడిస్తాడు?

"అంతే. ఆ మాట పట్టుకుని వచ్చినా. పర్మిట్ తీసుకపోవాల, అన్నీ తవ్వాల. నా కూతురు లాంటోళ్ళు ఊర్లో ఎంతమంది ఉండారు!" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పట్నుంచీ పరీక్ష ఆమెదే కాదు, నాది కూడా అయిపోయింది. నా పరీక్ష గురించి నేను అంత కంగారుపడలేదు. బస్సులో ఆమెకు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఇళ్లలో పని చేస్తూ ఒప్పజెప్పించుకునేవాణ్ణి. రాత పరీక్ష ఇద్దరం గట్టెక్కాం. మిగిలింది చేతి పరీక్ష, అది ఆమెకు కొట్టినపిండి. ఇంక భయమేముంది అనుకున్నాం.

పరీక్ష మళ్లీ మేనెలలోనే. ఒక కాలేజీ ఆవరణ, నేలంతా నెర్రెలు విచ్చి ఉంది. చివరి అంశం ఎర్త్ పరీక్ష. ఒక పెట్టె ఇస్తారు. దానికి ఉన్న ఇనుప చీలల్ని నేలలో దిగ్గొట్టి, తీగలు తగిలించి, పిడి తిప్పితే ముల్లు కదులుతుంది. ముల్లు ఎంత కిందికి దిగితే ఎర్త్ అంత మంచిది. చూసి, ఈ ఎర్త్ పనికొస్తుందో రాదో పరీక్షాధికారికి చెప్పాలి. నా వంతు ముందొచ్చింది. తిప్పాను. ముల్లు పైనెక్కడో నిలబడింది. అక్క దగ్గర నేర్చుకున్నవాణ్ణి, నీళ్లు పోద్దామని నాకూ అనిపించింది. కానీ కొళాయి ఆవరణకు ఆ చివర ఉంది, ఎండ మాడ్చేస్తోంది, ఎవడు పోతాడు? "బాగలేదు సార్, పనికిరాదు" అని చెప్పేశాను. ఆయన తలూపి మార్కులు వేసుకున్నాడు. అంటే, నేను పాసైంది తెలివితో కాదు, బద్ధకంతో.

తర్వాత అక్క వంతు. పెట్టె ఆమె చేతికిచ్చి, అధికారి టీ తాగడానికి పక్కకు పోయాడు. ఆమె గుంత వంక చూసింది. ఎండి, బొగ్గు కూడా బూడిద రంగుకు తిరిగి ఉంది. ఆమె కళ్లలో జాలి నాకు వరండాలోంచి కనిపించింది. చుట్టూ చూసి, నేరుగా వాచ్‌మన్ గది దగ్గరికి పోయి, అతను స్నానానికి పట్టిపెట్టుకున్న బిందె ఎత్తుకొచ్చింది. అతను "ఓ అమ్మా, ఓ అమ్మా" అంటూ వెంట పడుతూనే ఉన్నాడు. బిందె మొత్తం గుంతలో బోర్లించి, నీళ్లు ఇంకేదాకా ఆగి, అప్పుడు పిడి తిప్పింది. ముల్లు బుద్ధిగా కిందికి దిగింది.

అధికారి వచ్చాడు. "ఎట్లుండాదమ్మా?"

"బాగుండాది సార్. పనికొస్తాది."

ఆయన ముల్లు చూశాడు. తర్వాత నేల చూశాడు, తర్వాత బిందె పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్‌ను చూశాడు. "నీళ్ళు ఎవరు పోసినారు?"

"నేనే సార్. ఎండిపోయుండాది పాపం."

"అమ్మా, ఇది ఎట్లుండాదని కదా నేనడిగింది? నువ్వు నీళ్ళు పోసి, మంచిగ చేసి, మంచిగుండాదని చెప్తే ఎట్ల? ఈ తడి రేపటికి ఉండదు. ఎల్లుండి ఎవరో నీ మాట నమ్మి, ఆడ మిషను మీద చెయ్యి పెడతారు. దినామూ వచ్చి నువ్వు పోస్తావా?"

ఆయన అరవలేదు. అరిచి ఉంటే ఆమె ఇంకా గట్టిగా అరిచేది, అది ఆమెకు వచ్చిన విద్యే. ఆయన నిదానంగా అడిగాడు. ఆమె వంగి చీలలు ఒక్కొక్కటీ పెరికి పెట్టె పక్కన పెట్టింది. పరీక్ష తప్పింది.

బయట మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చుంది. అధికారిని తిడుతుందని ఎదురుచూశాను, ఏమన్నా నేనూ రెండు కలుపుదామని సిద్ధంగా ఉన్నాను. కొప్పులోంచి టెస్టరు తీసి సంచీలో పడేసింది.

"వాడు రాయికి చుట్టినాడబ్బీ. నేను బిందెతో కప్పెట్టినా. ఎనుముకు ఇద్దరమూ ఒగటే" అంది.

"ఈసారి పాసవుతావులేక్కా" లాంటిదేదో అన్నాను. ఆమె వినలేదు. ఇన్నాళ్లూ చెంబు పోసిన ఇళ్లన్నీ ఆమె కళ్ల ముందు తిరుగుతున్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

కాంట్రాక్టరు షరతు ప్రకారం ఆమె ఇంక ఇంటికి పోవాలి. పోలేదు. మరునాడు మామూలు వేళకు వచ్చి అతని ముందు నిలబడింది. "వైరు పని ఇయ్యొద్దులేన్నా. గుంతలు తవ్వే పని ఇయ్యి. కూలి ఇస్తే చాలు. వచ్చే పరీక్షదాకా ఈడనే ఉంటా." ఎండాకాలం మా రాతినేలలో గుంతలు తవ్వేవాళ్లు దొరక్క అతను జుట్టు పీక్కుంటున్నాడు, కాబట్టి వెంటనే అక్కా అన్నాడు.

తర్వాత పీక్కోవడం ఇంకా ఎక్కువైంది. చెప్పిన లోతుకు తవ్వి ఊరుకునే మనిషి కాదాయె. తడి తగిలేదాకా దిగుతూనే ఉండేది. అడుగునుంచి పిడికెడు మట్టి తీసి గుప్పిట్లో పిసికేది. విప్పితే పొడి పొడిగా రాలిపోతే ఇంకా కిందికి. ఉండగా నిలిస్తేనే పైకొచ్చేది. "ముద్ద కావాలబ్బీ. సంగటి ముద్ద లెక్క నిలబడాల" అనేది. మధ్యలో బండ తగిలితే గుంత పూడ్చి పక్కన ఇంకోటి మొదలు. టెస్టరు మళ్లీ కొప్పెక్కింది. ఆమె గుంతలోకి దిగాక పైనుంచి చూస్తే ఆ ఎర్రపిడి ఒక్కటే కనిపించేది, దాన్ని చూసి కాంట్రాక్టరు, "ఏమ్మా, నేను ఎర్త్ పెట్టమన్నానా, బావి తవ్వమన్నానా?" అని గుంత గట్టు మీద నుంచి మొత్తుకునేవాడు.

ఇళ్లకు పోయినప్పుడు కూడా పద్ధతి మార్చుకుంది. ముందు పెట్టె తీసి, ఎండిన గుంతను ఎండినట్టే చూసేది. పనికిరాకపోతే పనికిరాదని ఇంటివాళ్ల ముఖం మీదే చెప్పేది. చెంబు అడగడం మాత్రం ఆ తర్వాత. కాబట్టి నాకైతే లాభమేమీ లేదు, మొదటి చెంబు అప్పుడూ గుంతకే పోయేది.

మరుసటి పరీక్షలో అదే ఆవరణ, అదే గుంత, అదే అధికారి. నేను సెలవు పెట్టి మరీ వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి బిందె లోపల పెట్టి తాళమేసుకున్నాడు. ఆమె చీలలు దిగ్గొట్టి, పిడి తిప్పి, ముల్లు చూసింది.

"పనికిరాదు సార్."

"మరి నీళ్ళు పోయవా?" అన్నాడాయన, నవ్వు ఆపుకుంటూ.

"పోస్తా సార్. ముందు నిజం చెప్పి, మల్ల పోస్తా. ఆ తర్వాత తవ్వుతా."

పర్మిట్ వచ్చింది. దాని మీద ఫోటోలో ఆమె బిగదీసుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తుంటుంది. తల వెనక కొప్పు పక్కనుంచి టెస్టరు ఎర్రపిడి కూడా పడింది. ఫోటో తీసినవాడు తీయమని చెప్పలేదా అంటే, "చెప్పినాడు. సంచీలో యెతికినా, దొరకలేదు" అంది.

ఊరికి పోయి ముందు తన చేన్లో తవ్వింది. తర్వాత పక్క చేనువాళ్లు పిలిచారు, తర్వాత ఆ పక్కవాళ్లు. రాళ్లు నిజంగానే దొరికాయి. వాటన్నిటినీ తెచ్చి ఇంటిముందు గోడవారగా పేర్చింది, ఊరంతా చూసేట్టు. మేస్త్రీ మాత్రం తన మోటారు ముట్టుకోనివ్వలేదు. ఒకనాడు అతను పొరుగూరి పెళ్లికి పోతే, అతని పెళ్లామే వచ్చి, "బిరీన వచ్చి తవ్విపెట్టు వదినా, ఆయప్ప వచ్చేలోగా" అని పిలుచుకుపోయిందట. ఆ సంగతి ఫోనులో చెప్పి ఎంతసేపు నవ్విందో!

ఆమె పోయినప్పుడు నేను బళ్లారిలో పని మీద ఉన్నాను. ఆఖరిచూపు దక్కలేదు. ఆ తర్వాత పోదామంటే కాళ్లు రాలేదు, అదీ ఇదీ అని నెట్టుకొచ్చాను. మొన్న మేనెలలో గార్లదిన్నె వైపు ఒక పని తగిలింది. పని ముగించి, ఎర్త్ చూసే పెట్టె అట్లాగే బండి మీద పెట్టుకుని ఆమె చేన్లోకి పోయాను.

కొత్త గేదె ఒకటి స్టార్టరు స్తంభానికి ఒళ్లు రుద్దుకుంటూ నిలబడి ఉంది. అది చూసి హేయ్ అని ఒక్క కేక పెట్టాను. అక్క కూతురు నన్ను చూసి, "రా మామా" అని నవ్వి, ఏమీ అడగకుండానే కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. అలవాటు మనిషిని వదలదు. చెంబు పట్టుకుని నేరుగా గుంత దగ్గరికి పోయి, బండ జరిపి, వంచబోయాను.

"పొయ్యొద్దు మామా!" ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ముందు చూడాలంట. ఎండాకాలమే చూడాలంట. నీళ్ళు పోసి చూసినోళ్ళ మాట నమ్మొద్దనింది మాయమ్మ. వానలు పోయినంక ఎవురూ ఒగ చుక్క పోయలే."

చెంబు గట్టు మీద పెట్టాను. చీలలు దిగ్గొట్టి, తీగలు తగిలించి, పిడి తిప్పాను. చుట్టూ నేల పెంకులా ఎండి ఉంది. ముల్లు వణుక్కుంటూ కిందికి దిగింది. దిగి, అక్కడే నిలబడింది. నమ్మకం లేక చీలలు మార్చి ఇంకోసారి తిప్పాను. మళ్లీ అక్కడికే వచ్చింది. ఎంత లోతుకు దిగి, ఎన్ని పిడికిళ్లు పిసికి ఉంటుందో ఆ మహాతల్లి.

"ఎట్లుండాది మామా?"

"బాగుండాది పాపా. పనికొస్తాది."

బళ్లారిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ పిల్ల చూడనట్టు అటు తిరిగి, గేదెను పక్కకు తోసి, ఉత్త కాళ్లతో నిలబడి, స్తంభానికి భుజం ఆనించి స్టార్టరు నొక్కింది. మోటారు అందుకుంది.

గట్టు మీద చెంబు అట్లాగే ఉంది. గుంతకు అక్కర్లేదు. తీసుకుని మొత్తం నేనే తాగేశాను.